ఫిర్యాదులో ఎవరి పేర్లు రాయాలి?



కోడలిని బాధపెడితే జైలుకి పంపే చట్టం ఒకటుందని మనందరికీ తెలుసు. "ఫోర్ నైంటీ ఎయిట్ ఎ" అన్న మాట ఇంగ్లీషు రానివాళ్ళ నోట కూడా వినబడుతూనే ఉంటుంది. పేరంటంలో కూర్చున్నప్పుడు "ఫలానా అమ్మాయి వాళ్ళందరి మీదా కేసు పెట్టేసిందిట" అని ఒకావిడ అంటుంది. "అందరి మీదా అంటే?" అని పక్కావిడ అడుగుతుంది. ఆ పక్కావిడ అడిగిన ప్రశ్నే ఈరోజు మన విషయం. అందరి మీదా అంటే ఎవరెవరి మీద? అత్తగారి మీద సరే, పెళ్ళయి వెళ్ళిపోయిన ఆడపడుచు మీద పెట్టచ్చా? తోడికోడలి మీద? భర్త ఎవరితోనైతే తిరుగుతున్నాడో ఆవిడ మీద?

ఈ సంగతి సరిగ్గా తెలియక, నిజంగా నరకం పడిన అమ్మాయి కేసు నీరుకారిపోవడమూ ఉంది. ఏ పాపమూ ఎరగని మనిషి ఏళ్ళ తరబడి కోర్టు మెట్లెక్కి దిగడమూ ఉంది. పైగా మన ఇళ్ళలో ఒకే ఆడమనిషి ఒకరికి కోడలు, ఇంకొకరికి ఆడపడుచు, నాలుగేళ్ళు పోతే మరొకరికి అత్తగారు. అందుకని ఎటునించి చూసినా ఇది మనకి కావలసిన సంగతే.

ముందు చట్టం పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో చెప్పుకుందాం. 1983లో పార్లమెంటు భారత శిక్షా స్మృతికి 498-ఎ అనే సెక్షను చేర్చింది. అంతకుముందు కొడితే దెబ్బల సెక్షను, చంపితే హత్య సెక్షను ఉండేవి గానీ, ఇంట్లో నాలుగు గోడల మధ్య రోజూ పెట్టే రంపపుకోతకి విడిగా ఒక పేరంటూ లేదు. ఆ పేరు పెట్టింది ఈ సెక్షనే. 2024 జూలై 1 నించి పాత శిక్షా స్మృతి పోయి, భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో ఇవే మాటలు 85, 86 సెక్షన్లుగా ఉన్నాయి. ఆ తేదీకి ముందు జరిగిన వాటికి పాత సెక్షను, తరవాత జరిగిన వాటికి కొత్త సెక్షను. నంబరు మారింది గానీ సరుకు మారలేదు. మూడేళ్ళ దాకా జైలు, దాంతోపాటు జరిమానా.

అయితే ఇంట్లో ప్రతి మాటపట్టింపూ నేరం కాదండీ. కూరలో ఉప్పెక్కువైందని అత్తగారు సణిగితే పోలీసు స్టేషనుకి వెళ్ళలేం. చట్టం దృష్టిలో క్రూరత్వం అంటే రెండు రకాలు. ఆమె ఆత్మహత్య చేసుకునేంత దాకా, లేదా ఆమె ప్రాణానికో అవయవానికో ఆరోగ్యానికో పెద్ద ముప్పు వచ్చేంత దాకా కావాలని ప్రవర్తించడం ఒకటి. ఇక్కడ ఆరోగ్యమంటే ఒంటి ఆరోగ్యమే కాదు, మనసు ఆరోగ్యం కూడానని చట్టంలోనే రాసి ఉంది. రెండోది, ఆస్తో డబ్బో బంగారమో అన్యాయంగా తెమ్మని ఆమెనో ఆమె వాళ్ళనో వేధించడం. చాలామంది ఈ రెండోదే చట్టమనుకుంటారు. "మమ్మల్ని కట్నం ఏమీ అడగలేదు, ఇంక కేసెలా పెడతాం?" అంటారు. అది పొరపాటు. ఆంధ్రప్రదేశ్ నించి వెళ్ళిన ఒక కేసులో 2024 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఈ మాటే తేల్చి చెప్పింది. కట్నం ప్రసక్తే లేకపోయినా, కొట్టి హింసించి ఇంట్లోంచి గెంటితే మొదటి రకం కింద నేరమవుతుందని చెప్పి, హైకోర్టు కొట్టేసిన కేసుని మళ్ళీ నిలబెట్టింది.

ఇంక అసలు సంగతికి వద్దాం. ఈ సెక్షను మొదలే "భర్త గానీ, భర్త బంధువు గానీ" అని మొదలవుతుంది. ఆ రెండు మాటల్లోకి ఎవరు వస్తారో వాళ్ళే ఈ సెక్షను కింద ముద్దాయిలు. మిగతావాళ్ళు ఎంత చెడ్డవాళ్ళయినా సరే, ఈ తలుపులోంచి మాత్రం లోపలికి రారు.

భర్త అంటే ఎవరో తెలియకపోవడమేమిటి అనుకుంటున్నారా? అక్కడే పెద్ద చిక్కుంది. మొదటి భార్య బతికి ఉండగానే ఆ సంగతి దాచి ఇంకో అమ్మాయిని పెళ్ళి చేసుకున్నవాడున్నాడనుకోండి. హిందూ వివాహ చట్టం ప్రకారం ఆ రెండో పెళ్ళి చెల్లదు. రేపు ఆ అమ్మాయిని బాధపెట్టి, కేసు రాగానే, "అసలు ఇది పెళ్ళే కాదు, నేను భర్తనే కాదు" అని చేతులు దులుపుకుంటే? తాను చేసిన మోసమే తనకి గొడుగన్నమాట! 2004లో సుప్రీంకోర్టు దీనికి ఒప్పుకోలేదు. భర్తనని చెప్పుకుని, భర్తలా కాపరం చేసి, ఆ హోదాతో హింసపెట్టినవాడు ఈ సెక్షను నించి తప్పించుకోలేడంది. 2009లో ఆంధ్రప్రదేశ్ నించే వెళ్ళిన కేసులో, నాకు ముందే ఒక భార్య ఉందన్నవాడికి మళ్ళీ అదే జవాబు చెప్పింది. కానీ అన్ని తీర్పులూ ఒకే దారిన లేవు. పెళ్ళి చెల్లనిదని కోర్టు తేల్చేశాక ఈ సెక్షను కింద శిక్ష నిలవదని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే వేరే కేసులో చెప్పింది. అందుకని అలాంటి పరిస్థితిలో ఉన్న ఆడది ఈ ఒక్క సెక్షన్నే నమ్ముకుని కూర్చోకూడదు. రెండో పెళ్ళి చేసుకోవడమే ఒక నేరం, పెళ్ళయిందని నమ్మించి కాపరం చెయ్యడం ఇంకో నేరం. వీటికి విడి సెక్షన్లున్నాయి. ఆ సంగతి లాయరు దగ్గర మొదటిరోజే చెప్పాలి.

ఇక భర్త బంధువు. రక్తసంబంధం వల్లనో, పెళ్ళివల్లనో, దత్తత వల్లనో చుట్టమైనవాళ్ళే బంధువులని కోర్టులు అర్థం చెప్పాయి. అత్తగారు, మామగారు, బావగారు, మరిది, ఆడపడుచు, ఆడపడుచు భర్త, తోడికోడలు, పినమామగారు, భర్త మేనమామ, వీళ్ళందరూ అందులోకి వస్తారు. భర్తని దత్తత తీసుకున్నవాళ్ళూ వస్తారు. అంటే ఆడవాళ్ళకి మినహాయింపేమీ లేదు. ఆడవాళ్ళ కోసం పెట్టిన చట్టం కదా, అత్తగారినేం చేస్తుందిలే అనుకోవద్దు. 2022 జనవరిలో సుప్రీంకోర్టు ఒక అత్తగారి శిక్షని ఖాయం చేసింది. కొడుకు విదేశంలో ఉంటే, ఇంట్లో తనని నమ్ముకుని ఉన్న కోడలిని నగల కోసం హింసించిందావిడ. ఆ అమ్మాయి ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. ఒక ఆడది మరో ఆడదానిపట్ల క్రూరంగా ఉంటే ఆ నేరం మరింత తీవ్రమైనదవుతుందని కోర్టు అంది. అప్పటికావిడకి ఎనభై ఏళ్ళు. వయసు చూసి ఏడాది శిక్షని మూడు నెలలకి తగ్గించారే గానీ, జైలు మాత్రం తప్పలేదు.

మన తెలుగువాళ్ళలో మేనరికాలున్నాయి కదా, దానితో ఒక సందేహం వస్తుంది. మేనమామని చేసుకున్న అమ్మాయికి అత్తగారే అమ్మమ్మ. మేనత్త కొడుకుని చేసుకుంటే అత్తగారే మేనత్త. "నా రక్తసంబంధం కదా, ఆవిడ భర్త బంధువెలా అవుతుంది?" అంటే, రెండు వైపులా చుట్టమే మరి. భర్తకి తల్లి అయినప్పుడు ఆవిడ భర్త బంధువే. ఇటు చుట్టరికం ఉన్నంత మాత్రాన అటు చుట్టరికం పోదు. అలాంటి ఇళ్ళలో అమ్మాయి నోరు విప్పడం ఇంకా కష్టమనుకోండి. ఎవరి మీద చెప్పినా అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది.

వరస కలిపి పిలుచుకోవడం మన అలవాటు. పక్కింటావిడని పిన్నిగారంటాం, భర్త స్నేహితుణ్ణి అన్నయ్యగారంటాం. ఆ వరసలు కోర్టులో చెల్లవు. భర్తకి తోబుట్టువులా ఆ ఇంట్లో పెరిగిన ఒకావిడ మీద పెట్టిన కేసులో, పెంచుకున్నంత మాత్రాన చట్టరీత్యా బంధుత్వం ఏర్పడదని 2010లో సుప్రీంకోర్టు అంది. మరి ఆ ఇంకో ఆవిడ సంగతి? ఎక్కువమంది అడిగేది ఇదే, అడగడానికి సిగ్గుపడేదీ ఇదే. 2009లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. భర్త స్నేహితురాలు గానీ, ఉంచుకున్న మనిషి గానీ భర్త బంధువు కాదు, ఆమె మీద ఈ సెక్షను పెట్టకూడదు. వినడానికి కష్టంగానే ఉంటుంది. సంసారం కూల్చిన మనిషి హాయిగా తిరుగుతుందా అనిపిస్తుంది. కానీ శిక్ష వేసే చట్టంలో ఉన్న మాటని కోర్టు సాగదీయకూడదు. ఇవాళ ఆమె కోసం సాగదీస్తే రేపు ఇంకెవరి కోసమో సాగుతుంది. ఆమె మీ ఇంటికొచ్చి కొట్టిందనుకోండి, చంపేస్తానని బెదిరించిందనుకోండి, వాటికి మామూలు సెక్షన్లున్నాయి. అవి బంధువులని, పరాయివాళ్ళని చూడవు. భర్త మీద మాత్రం ఈ సెక్షను ఎలాగూ ఉంటుంది.

కట్నం అడగడమూ అంతే. 1961 నాటి వరకట్న నిషేధ చట్టంలో కట్నం అడిగిన "ఎవరైనా" అని ఉంది గానీ భర్త బంధువులని లేదు. మధ్యవర్తిగా వచ్చి, "కారు ఇస్తేనే అమ్మాయిని కాపరానికి తీసుకెళ్తారు" అని బేరాలు పెట్టే పెళ్ళిళ్ళ పేరయ్య అందులో చిక్కుకోవచ్చు. అదే చట్టం ప్రకారం కట్నం ఇవ్వడం కూడా నేరమే కదా, చెబితే మనమీదకే వస్తుందేమో అని భయపడే అమ్మాయిలున్నారు. బాధితురాలు ఇచ్చిన వాఙ్మూలాన్ని పట్టుకుని ఆ చట్టం కింద ఆమె మీదే కేసు పెట్టకూడదని అందులోనే రాసి ఉంది.

ఇంతవరకూ విని, "అయితే చుట్టాలందరి పేర్లూ రాసెయ్యచ్చన్నమాట" అనుకునేరు! చుట్టరికం ఉండటం మొదటి మెట్టు మాత్రమే. ఆ చుట్టం తన చేతితోనో నోటితోనో ఏం చేశాడన్నది రెండోది, అసలైనది. ఇంట్లో పుట్టడం నేరం కాదు, ఆ ఇంటి కోడలు కావడం నేరం కాదు. చాలా కేసులు ఇక్కడే పోతున్నాయి.

ఎలా జరుగుతుందో చూడండి. అమ్మాయి ఏడుస్తూ పుట్టింటికి వస్తుంది. అన్నలు కోపంతో ఉంటారు. స్టేషను దగ్గర ఫిర్యాదు రాసిపెట్టేవాడు ఒకడు, "అందరి పేర్లూ పెట్టండి, అప్పుడే దిగొస్తారు" అని సలహా ఇస్తాడు. అంతే, "నా భర్త, అత్తమామలు, ఆడపడుచులు, మరుదులు, తోడికోడళ్ళు అందరూ కలిసి అదనపు కట్నం కోసం నన్ను శారీరకంగా, మానసికంగా హింసించినారు" అని ఒకే వాక్యంలో పదిమందిని కట్టేస్తారు. ఆ వాక్యం ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుంది, అచ్చు వేసినట్టు. కోర్టుకి వెళ్ళాక అవతలి లాయరు అడుగుతాడు, ఈ తోడికోడలు ఏ రోజున, ఎక్కడ, ఏం చేసిందని. అమ్మాయి దగ్గర జవాబుండదు. తోడికోడలి మీద చెప్పింది నిలవకపోతే, భర్త మీద చెప్పిన నిజం కూడా పలచబడిపోతుంది.

ఇలాంటి కేసుల్ని సుప్రీంకోర్టు ఒకటి కాదు, ఎన్నో కొట్టేసింది. 2010లో వచ్చిన ఒక కేసులో, ఏడేళ్ళకి పైగా గుజరాత్‌లోని నవసారిలో తన కాపరం తను చేసుకుంటున్న ఆడపడుచు, మహారాష్ట్రలోని గోరేగావ్‌లో ఉంటున్న మరిది ముద్దాయిలు. గొడవ జరిగిందన్న చోటికి వాళ్ళసలు వెళ్ళనేలేదు. దూరపు ఊళ్ళలో ఉండేవాళ్ళ మీద చేసిన ఆరోపణల్ని ఎంతో జాగ్రత్తగా చూడాలని కోర్టు చెప్పింది. 2018లో తెలంగాణ కేసులో భర్త మేనమామల పేర్లు కొట్టేసింది. 2022లో బీహార్ కేసులో, అందరినీ కలిపి మొత్తంగా చేసిన ఆరోపణలతో అత్తింటివాళ్ళ మీద విచారణ నడపకూడదంది. 2024 డిసెంబరు 10న మళ్ళీ తెలంగాణ కేసులోనే, వివరాల్లేని ఆరోపణలని చెప్పి భర్తతో సహా అందరి మీదా కేసు కొట్టేసింది. అయితే ఆ తీర్పులోనే, నిజంగా బాధపడే ఆడది నోరు మూసుకుని ఉండాలని మా ఉద్దేశం ఎంతమాత్రమూ కాదని కూడా చెప్పింది. పత్రికల్లో మొదటి ముక్క పెద్ద అక్షరాలతో వచ్చింది, రెండోది ఎక్కడో లోపలి పేజీల్లో ఉండిపోయింది.

మరి చూస్తూ ఊరుకున్నవాళ్ళ సంగతేమిటి? కోడల్ని కొడుతుంటే పక్కగదిలో టీవీ చూస్తూ కూర్చున్న చిన్నత్తగారు నేరస్తురాలా? 2025 ఫిబ్రవరి 7న తెలంగాణ నించి వెళ్ళిన కేసులో అత్తగారి చెల్లెలు, ఆవిడ కొడుకు ముద్దాయిలు. ఇంట్లో హింస జరుగుతున్నప్పుడు కొందరు చుట్టాలు పట్టించుకోకపోవచ్చు, సాయానికి రాకపోవచ్చు, అంతమాత్రాన వాళ్ళూ హింసించినట్టు కాదు, వాళ్ళ చెయ్యో ప్రోద్బలమో ఉన్నట్టు కనబడాలి అని కోర్టు చెప్పింది. నా మటుకు నాకు ఆ ఊరుకున్నవాళ్ళ మీద కోపంగానే ఉంటుంది. కానీ కోపం వేరు, నేరం వేరు. "ఇంకా తెమ్మను, లేకపోతే పంపించెయ్" అని కొడుకుని ఎగదోసినవాళ్ళు మాత్రం ఊరుకున్నవాళ్ళ లెక్కలోకి రారు. దూరంగా ఉన్నా సరే, రోజూ ఫోన్లో తమ్ముడికి నూరిపోసి, "డబ్బు తేకపోతే గడప తొక్కనివ్వకు" అని చెప్పిన ఆడపడుచు ఉంటే, ఆ ఫోన్లో పంపిన కబుర్లు ఉంటే, ఒకే కప్పు కింద లేకపోవడం ఆవిణ్ణి కాపాడదు.

అందుకని ఫిర్యాదు రాసేటప్పుడు మనిషికో పేరా చొప్పున రాయండి. ఈయన ఏ నెలలో ఏం చేశాడు, ఆవిడ ఏ పండక్కి ఏమంది. తేదీ గుర్తులేకపోతే దసరాకి ముందనో, బాబు పుట్టిన మూడోనెలనో రాసినా నయమే. ఆసుపత్రి చీటీ, బ్యాంకులో డబ్బు వేసిన రసీదు, ఫోన్లో వచ్చిన సందేశాలు దగ్గర పెట్టుకోండి. పేరు రాయాలా వద్దా అని సందేహం వచ్చినచోట, ఈ మనిషి గురించి చెప్పడానికి నా దగ్గర ఒక్క సంఘటన ఉందా అని ప్రశ్నించుకోండి. లేకపోతే ఆ పేరు వదిలెయ్యండి. తరవాత కోపం చల్లారాక, మిమ్మల్ని సమర్థించి సాక్ష్యం చెప్పగలిగేది బహుశా ఆ తోడికోడలే కావచ్చు.

"కంప్లయింటు ఇస్తే రాత్రికి రాత్రి ముసలి మామగార్ని పట్టుకుపోతారు" అనే భయంతో వెనకాడేవాళ్ళున్నారు. ఇదే మాటతో కోడళ్ళని బెదిరించేవాళ్ళూ ఉన్నారు. 2014 జూలై 2న సుప్రీంకోర్టు, ఏడేళ్ళలోపు శిక్ష ఉన్న ఇలాంటి కేసుల్లో పోలీసులు యాంత్రికంగా అరెస్టు చెయ్యకూడదని, అవసరం ఏమిటో కారణాలు రాయాలని, లేకపోతే నోటీసిచ్చి పిలిచి విచారించాలని ఆదేశించింది. నేరం నాన్‌బెయిలబులే. అంటే బెయిలు అసలు రాదని కాదు, కోర్టుని అడిగి తెచ్చుకోవాలని.

భర్త విదేశంలో ఉంటే? ఆంధ్రప్రదేశ్ నించి పెళ్ళి చేసుకుని ఆఫ్రికాలోని బోట్స్వానాకి వెళ్ళిన దంపతుల కేసు ఒకటి 2011లో సుప్రీంకోర్టుకి వచ్చింది. మన దేశపు పౌరుడు బయటిదేశంలో చేసిన హింస మీద ఇక్కడ పోలీసులు దర్యాప్తు చెయ్యచ్చు, కోర్టులో విచారణ మొదలయ్యేటప్పుడు మాత్రం కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి అంది. ఇక్కడ ఉండగా జరిగినదానికి ఆ అనుమతి కూడా అక్కర్లేదు.

అమ్మాయే వచ్చి చెప్పాలనీ లేదు. ఆమెకి రక్తసంబంధం వల్లో పెళ్ళివల్లో దత్తత వల్లో చుట్టమైనవాళ్ళెవరైనా స్టేషనులో సమాచారం ఇవ్వచ్చు. తిన్నగా కోర్టులో వెయ్యాలంటే తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళే కాక, మేనమామ, మేనత్త, పెదనాన్న, చిన్నాన్న, పెద్దమ్మ, పిన్ని కూడా వెయ్యచ్చని చట్టంలో ఉంది. అత్తవారి ఊళ్ళోనే పెట్టాలన్న నియమమూ లేదు. ఇల్లు వదిలి తలదాచుకున్న ఊళ్ళో, అది పుట్టిల్లయినా మరొకటయినా, కేసు పెట్టుకోవచ్చని 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. దేనికైనా గడువుంటుంది కదా, దీనికి మూడేళ్ళు. వేధింపు సాగుతున్నకొద్దీ గడువు కొత్తగా మొదలవుతూ ఉంటుంది గానీ, ఆఖరి సంఘటన జరిగి ఏళ్ళు గడిచేదాకా పెద్దమనుషుల పంచాయితీలతో కాలం గడపడం మంచిది కాదు.

చివరికి ఒక మాట. జైలు వద్దు, ఇంట్లో ఉండనిస్తే చాలు, కొట్టకుండా ఉంటే చాలు, పిల్లల ఖర్చుకి ఇస్తే చాలు అనుకునేవాళ్ళకి 2005 నాటి గృహహింస చట్టం ఉంది. అందులో గొడవ వచ్చేది ఎవరు నేరస్తులని కాదు, ఆమెకి ఏ రక్షణ కావాలని. పెళ్ళి లేకుండా పెళ్ళయినట్టే కలిసి ఉన్న ఆడవాళ్ళకి కూడా అది వర్తిస్తుంది. 2016 నించి ఆడవాళ్ళని కూడా ప్రతివాదులుగా చేర్చడానికి అడ్డు లేకుండా పోయింది. ఆ రక్షణ ఉత్తర్వు మీరితే మాత్రం ఏడాది దాకా జైలు. రెండు చట్టాల కిందా ఒకేసారి వెళ్ళచ్చు. లాయరుకి డబ్బెక్కడ తేవాలి అని ఆగిపోవద్దు. న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్ళకి వాళ్ళ ఆదాయం ఎంతని అడగకుండానే ఉచితంగా లాయరుని ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోనే వాళ్ళ ఆఫీసుంటుంది. ఫోను నంబరు 15100. అప్పటికప్పుడు ఆపద వస్తే 181, లేదా 112.